అవిసె నూనె వాన

మరీ చిన్నప్పుడు నాకు వానంటే భయం ఉండేది కాదు. మా ఖిల్లా ఘణపూర్ వైపు చినుకు పడితే సంబరమే తప్ప భయమెక్కడిది? ఆ భయం ఒక్క మధ్యాహ్నంలో పుట్టింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

నాన్న బొంబాయికి మట్టిపనికి పోయాడు. అమ్మ వాగు అవతలి చేలో కలుపు తీయడానికి పోతూ నన్ను పక్కింటి తాతకు అప్పగించింది. ఆయన బోర్డులు రాసే సాయిబు. స్కేలు లేకుండా గీసినా గీత చెదిరేది కాదు. ఆ రోజు ఫొటో స్టూడియోలో మనుషుల వెనక కట్టే తెర మీద బొమ్మ వేస్తున్నాడు. వానలో తడుస్తున్న మా గుట్ట, కోట, వాగు. ఫొటో వెనక తాజ్‌మహల్ వద్దు, వాన కావాలని జనం అడిగారట. కరువు చూసిన మనుషుల కోరికలు అట్లాగే ఉంటాయి మరి.

అవిసె నూనెలో కలిపిన రంగులతో ముందు ఆకాశం వేశాడు. దూరపు కోటను ఉందా లేదా అన్నంత పలచగా వేశాడు. తడి రంగు మీద పొడి బ్రష్షు పెట్టి మబ్బు నుంచి కిందికి మెల్లగా లాగితే తెర మీద వాన పడింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే బయట నిజం వాన అందుకుంది.

కాసేపటికి కలుపుకు పోయిన ఆడవాళ్లు తడిసి ముద్దై వచ్చారు. అమ్మ లేదు. ఆమె వెనకబడిందట, వీళ్లు దాటాక వాగు పొంగిందట. చెబుతున్నామె నా ముఖం చూసి సగంలో మాట మింగేసింది.

తాత సన్న బ్రష్షు తీసి, తెరలో వాగు ఇవతలి ఒడ్డు మీద వేలెడంత మనిషిని వేశాడు. తల మీద మడిచి కప్పుకున్న సంచి, చేతిలో సద్దిగిన్నె.

"గిదో, మీ అమ్మ ఒడ్డెక్కింది. నువ్వు గీడనే కూసో. నేను జర వాగు దిక్కు పోయొస్త," అని గొడుగు పట్టుకుని పోయాడు.

ఒంటరిగా కూర్చుంటే ఆ బొమ్మ నీళ్లకు మరీ దగ్గరగా ఉన్నట్టు అనిపించింది. ఉరిమినప్పుడల్లా ఇంకా దగ్గరైనట్టు. కొంచెం పైకి జరుపుదామని చూపుడువేలితో నెట్టాను. అమ్మ సాగిపోయి బూడిదరంగు నీళ్లలో కలిసిపోయింది. వేలికి అంటిన రంగు చూసి, అమ్మను నేనే ముంచేశాననుకున్నాను. ఏడుపు కూడా రాలేదు. అంత భయం నేను మళ్లీ ఎన్నడూ పడలేదు.

తాత తిరిగొచ్చాడు, ఒక్కడే. తెర చూశాడు, నా వేలు చూశాడు. తిట్టలేదు. కిరసనాయిలు గుడ్డతో ఆ చోటు తుడిచి బ్రష్షు నా చేతికిచ్చాడు.

"నూనె రంగు బిడ్డా, గింత జల్ది ఆరదు. ఆరేదాంక ఏదీ ఖతం గాదు. మల్ల ఎయ్యి."

వేశాను. వంకరపోయింది. తుడిచాడు. మళ్లీ వేశాను. ఎన్నిసార్లో గుర్తులేదు. వేసేకొద్దీ నా చేయి కుదురుకుంది కానీ, తుడిచే ఆయన చేయి వణుకుతూనే ఉంది. మధ్యమధ్య గుమ్మం దాకా పోయి వాగు వైపు చూసొచ్చేవాడు.

దీపాలు పెట్టే వేళకు అమ్మ వచ్చింది. సంచి లేదు, సద్దిగిన్నె లేదు, మనిషి మాత్రం వచ్చింది. అవతలి ఒడ్డున మోటరు గదిలో తలదాచుకుని, నీళ్లు తగ్గాక దాటిందట. వచ్చీ రాగానే, "ఏందే గీ రంగులు, గౌను ఖరాబు జేసినవ్," అని కసిరింది. నేను ఆమె కొంగు వదల్లేదు. తాత గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటే చెంపకు రంగంటింది.

నేను వేసిన ఆఖరి బొమ్మను ఆయన చెరపలేదు. మా ఊళ్లో ఎన్నో పెళ్లి ఫొటోల్లో కొత్త జంట భుజం వెనక వంకరగా నిలబడి ఉన్నది మా అమ్మే.

యాభై ఏళ్లు దాటింది. మొన్న దవాఖానలో మా ఆయన్ను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయి తలుపు వేసినప్పుడు, నా బొటనవేలు తనంతట తానే చూపుడువేలిని రుద్దుతూ ఉంది. అక్కడ ఇప్పటికీ తడి తగులుతుంది నాకు. ఇంకా ఆరలేదు, ఇంకా ఆరలేదు అనుకుంటూ ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.