మైకులో మొగని పేరు

జలుబు చేస్తే పసుపు కొమ్మును దీపం మీద కాల్చి ఆ పొగ పీల్చమని మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. పోయిన వారం ముక్కులు రెండూ బిగుసుకుపోయి కళ్ల వెంట నీళ్లు కారుతూ కూర్చుంటే, మా కోడలు మంచి మనసుతోనే ఒక కొమ్ము కొస అంటించి, పొగ రేగుతుండగా తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. నేను కుర్చీలోంచి లేచి పెరట్లోకి పోయాను. "గింత చదువుకున్నరు, గీ పొగకు భయపడ్తరా అత్తమ్మా" అని నవ్వింది. భయం పొగకు కాదు. ఏ వాసనా తెలియని ఆ ముక్కుకు అది ఒక్కటీ తెలిసింది, తెలియగానే నేను నస్పూర్‌లోని మా పెరట్లో లేను, పన్నెండేళ్ల పిల్లనై మందమర్రిలో మా చిన్నమ్మ వాకిట్లో నిలబడి ఉన్నాను.

మాది బొగ్గు గని కార్మికుల లైన్లలో మూడో లైను. ఒకే గోడను పంచుకున్న ఇళ్లు, ఒక ఇంట్లో పోపు పెడితే నాలుగిళ్లలో తుమ్ములు. సాయంత్రమైతే ఇంటింటి ముందూ పచ్చి బొగ్గు రాజేసిన పొయ్యిలు, ఆ పసుపు పచ్చని పొగ నేల మీదే పాకుతూ మేము తొక్కుడు బిళ్ల ఆడే గీతలను కమ్మేసేది. బట్టలు ఆరేసిన తాడుకు, గడపకు, పెరుగు గిన్నె మీది మూతకు సన్నని నల్ల నుసి, వేలితో గీస్తే పేరు రాయవచ్చు. నాన్నను మేము బాపు అనేవాళ్లం, అమ్మను అవ్వ. బాపు దీపాల గదిలో పనిచేసేవాడు, గనిలోకి దిగేవాళ్ల టోపీలకు దీపాలు ఇచ్చి, పైకి వచ్చినవాళ్ల దగ్గర తిరిగి తీసుకోవడం ఆయన పని. ఒక దీపం తిరిగి రావడం ఆలస్యమైతే ఆ రోజు ఆయన గొంతులో ముద్ద దిగేది కాదు. దిగిన మనిషి పైకి వచ్చేదాకా ఎవరికీ నమ్మకం లేని బతుకు అది, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను చెప్పబోయే దుర్మార్గానికి కొంతమంది దీన్నే సాకుగా చూపిస్తారు.

మా అవ్వ చెల్లెలు రాజవ్వ, నేను చెప్పిన చిన్నమ్మ, మా పక్కింట్లోనే ఉండేది. ఆమె భర్త చంద్రయ్య చిన్నాయన బొగ్గు ఎత్తే పని చేసేవాడు, మా గని కబడ్డీ జట్టులో కూతకు పోవడంలో ఆయనను మించినవాడు లేడు. ఆయన తల్లి పోశవ్వకు రెండు కండ్లలో పువ్వులు వేసి, వెలుగూ చీకటీ తప్ప మరేమీ తెలిసేది కాదు.

బతుకమ్మ పండుగ మొదలైందంటే కబడ్డీ పోటీలూ మొదలయ్యేవి. గునుగు పూలకు రంగులద్దిన చేతులతోనే తినే నువ్వుల ముద్దలు, నెయ్యీ బెల్లమూ కారే మలీద ముద్దలు, జొన్నచేల మీద నుంచి వచ్చే తడిగాలి, ఆ గాలిలో గ్రౌండు వైపు నుంచి వినిపించే మగవాళ్ల అరుపులు. మా ఆడవాళ్లు గ్రౌండుకు పోయేవాళ్లు కాదు. పోవద్దని ఎక్కడా రాసిలేదు, పోయేవాళ్లు కాదంతే. అయితే గ్రౌండుకు ఒక పక్కన నీళ్ల ట్యాంకు ఉండేది, దాని కింద మనిషెత్తు దిమ్మె, దిమ్మె చుట్టూ నల్లాలు. నల్లాల దగ్గర నిలబడితే మగవాళ్ల వీపులు తప్ప ఆట కనపడేది కాదు. సరిగ్గా ఆట మొదలయ్యే వేళకే లైన్లలోని బిందెలన్నీ ఖాళీ అయ్యేవి. ముప్పై మంది ఆడవాళ్లు బిందెలతో చేరితే, దిమ్మె ఎక్కి గ్రౌండును చూస్తూ చిన్నమ్మ ఆట చెప్పేది.

"ఆగో, ఎల్లయ్య పోతుండు. మెల్లగ పోతుండు, పాల గిన్నె దిక్కు పిల్లి పోయినట్టు. మూలకున్న పొట్టోడు కాలు సాపిండు, గా కాలును చూస్తలేడు ఎల్లయ్య. పట్టిండు. పాయె, ఎల్లయ్య పాయె. ఇగ పొయ్యి ఎల్లయ్య పెండ్లానికి చెప్పుండ్రి, ఇయ్యాల పెనిమిటికి నడుముకు కాపడం పెట్టమని."

బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ తీసేవారు కాదు. పోశవ్వ కర్ర పట్టుకుని దిమ్మెకు ఆనుకుని "నా కొడుకు ఏడున్నడే" అని అడుగుతూనే ఉండేది. చిన్నమ్మ ఆటగాళ్లందరినీ పేర్లతో పిలిచేది, ఒక్క చిన్నాయనను తప్ప. "అత్తా, మీ కొడుకు పోతుండు" అనేది. మొగని పేరు పెళ్లాం నోట రావద్దు, వస్తే ఆయన ఆయుష్షు తరుగుతుందని మా వైపు నమ్మకం. ఆటలో అందరికీ పేరుండి ఒక్క మొనగాడికి పేరు లేకపోవడం నల్లా దగ్గర ఎవరికీ వింతగా తోచలేదు.

ఆ ఏడు మొదటిసారి మైకు సెట్టు తెచ్చారు. కరెంటు ట్యాంకు పక్క పంపు గదిలోనే ఉంది కాబట్టి బల్ల వేసి మైకును దిమ్మె కిందే గ్రౌండు వైపు పెట్టారు, హారన్లు నాలుగు లైన్లకూ వినపడేలా స్తంభాలకు కట్టారు. చెప్పడానికి హాజరు గుమాస్తా నర్సింగరావును కూర్చోబెట్టారు. ఆయనకు మనుషులు నంబర్లుగా తెలుసు, ముఖాలుగా తెలియదు. మైకుకు చేతిరుమాలు చుట్టి, "ఇప్పుడు ఒక క్రీడాకారుడు ఎదుటి పక్షములోనికి ప్రవేశించుచున్నాడు" అనేవాడు. జనం ఈలలు వేశారు. రెండో రోజు ఆయనకు దారి దొరికింది. తల మీద దిమ్మె పైనుంచి చిన్నమ్మ చెప్పేది చెవిన పడుతోంది కదా, ఆమె అన్న మాటను ఒక క్షణం ఆగి మైకులో అనడం మొదలుపెట్టాడు. పాల గిన్నె దిక్కు పిల్లి ఆయన నోట వచ్చింది, పొట్టోడి కాలు వచ్చింది, "మీ కొడుకు" అన్న చోట మాత్రం చంద్రయ్య అని దిద్దుకున్నాడు. గ్రౌండు పగలబడి నవ్వింది. రాత్రి అన్నం ముందు కూర్చుని బాపు అవ్వతో, "నర్సింగరావు సారు ఏం చెప్పిండే, నోట్ల సరస్వతి ఉన్నది" అన్నాడు. అవ్వ కూర వడ్డిస్తోంది. నేను నోరు తెరవబోతే గరిటెతో మోకాలి మీద కొట్టింది.

ఆఖరి రోజు ఆట మాకూ అవతలి గనికీ. వాళ్లు మూడేళ్లుగా గెలుచుకుపోతున్న షీల్డు ఎర్రగుడ్డ మీద మెరుస్తూ ఉంది. ఆట సగానికి వచ్చేసరికి నర్సింగరావు గొంతు పూర్తిగా పోయింది, తేనె నాకినా వేడి చాయ తాగినా గాలి తప్ప మాట రాలేదు. ఆయన తల ఎత్తి చూసి, వైరుతో సహా మైకును పైకి అందించాడు. "జర నువ్వే చెప్పమ్మా. నా గొంతు పాయె."

చిన్నమ్మ తీసుకోలేదు, అత్త వైపు చూసింది. మీరు నమ్మండి నమ్మకపోండి, పోశవ్వే కర్రతో దిమ్మెను కొట్టింది. "చెప్పు, చెప్పు. ఆట అయిపోతుంది, నా కొడుకు ఏం చేస్తుండో ఏమో."

చిన్నమ్మ చెప్పింది. హారన్‌లోంచి ఆడగొంతు రాగానే గ్రౌండులో ఉన్న తలలన్నీ ఒక్కసారి ట్యాంకు వైపు తిరిగాయి, కూతకు పోయినవాడు గీత దాటకుండానే నిలబడ్డాడు. "ఆడిమనిషికి మైకు ఎవలిచ్చిండ్రురా, బందు చెయ్యుండ్రి" అని ఎవరో అరిచారు. నిన్నటి మాటలే, నిన్నటి నవ్వించే తీరే. గుమాస్తా నోట సరస్వతి అయినది ఆమె నోట సిగ్గుమాలినతనం అయింది. పోనీ ఆడగొంతు వినడమే తప్పంటారా, తొమ్మిది రోజులుగా అదే వాడలో ఇదే గొంతు బతుకమ్మ చుట్టూ తిరిగి పాడుతుంటే ఏ మగవాడూ చెవులు మూసుకోలేదు. పూల చుట్టూ తిరిగితే ఫికర్ లేదు, ఆట గురించి నోరిప్పితే పరేషాన్.

అయినా ఆట ఆగలేదు, చిన్నమ్మా ఆగలేదు. కాసేపటికి అరుపులు తగ్గి అక్కడక్కడ నవ్వులు మొదలయ్యాయి. చిక్కంతా చిన్నాయన కూతకు పోయినప్పుడు వచ్చింది. మొదటిసారి "పోతుండు" అని ఊరుకుంది. రెండోసారీ అంతే. "ఎవలే పోయేది, పేరు లేదా ఆయినకు" అని కుర్రాళ్లు గేలి చేశారు. నాలుగు లైన్లకు వినిపించే మైకులో "మీ కొడుకు" అంటే ఎవరి కొడుకు? చివరి కూత వచ్చింది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. చిన్నాయన తొడ చరిచి గీత దాటాడు. చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకోవడం నేను దిమ్మె మీద పక్కనే ఉండి చూశాను.

"చంద్రయ్య పోతుండు," అంది.

చిన్నాయన అవతలి గడి మధ్యలో టక్కున ఆగాడు. తల ట్యాంకు వైపు తిరిగింది, నోరు తెరిచే ఉంది, కూత లేదు. ఆరుగురు ఆయన మీద పడ్డారు. షీల్డు మళ్లీ అవతలి గనికే పోయింది.

దీపాలు పెట్టే వేళకు చిన్నమ్మ వాకిలి నిండిపోయింది. ఎవరో కొత్తవాళ్లు కాదు, బిందెలు పొర్లిపోతున్నా కదలకుండా ఆమె మాటలు విన్నవాళ్లే. "నేను ఒక్కసారన్న మా ఆయన పేరు తీసిన్నా?" "కూత తెగింది సరే, పానం తెగుతే?" పోశవ్వ రొమ్ము బాదుకుంటోంది. "పొద్దుగాల మొదటి షిఫ్టు ఉన్నది నా కొడుకుకు. ఎట్ల దిగనియ్యాలె నేను?" తీసిన పేరు నాలుక మీదనే కాలిపోవాలని పెద్ద ముసలమ్మ ఒకామె తేల్చింది.

అవ్వ నా వైపు తిరిగి, "బిడ్డా, మనింట్ల సందుగల పసుపు కొమ్ములున్నయి, లావుది ఒకటి తే" అంది. చిన్నాయన మట్టిలో పడ్డాడు కదా, దెబ్బలకో జలుబుకో అనుకున్నాను. పరుగెత్తిపోయి, పెట్టెలో అన్నీ ఏరి, అన్నిటికంటే లావైనదాన్ని తెచ్చి గర్వంగా చేతికిచ్చాను.

దాన్ని బొగ్గుల పొయ్యిలో ఎర్రగా కాల్చారు. చిన్నమ్మ రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నది మా అవ్వ. సొంత అక్క. కొమ్మును పోశవ్వ చేతికిచ్చారు, ఆమెకు కండ్లు లేవు కనుక ముసలమ్మ ఆ చేయి పట్టి చిన్నమ్మ నాలుక దగ్గరికి నడిపించింది. పోపులో నీటి చుక్క పడ్డ చప్పుడు, తర్వాత ఆ వాసన. గడప బయట చిన్నాయన మోకాలికి అంటిన మట్టి గీక్కుంటూ కూర్చుని ఉన్నాడు. తల తిప్పలేదు.

పెద్దయ్యాక, కాలేజీ చదువు నాలుక మీదికి వచ్చాక, అవ్వను నిలదీశాను. "నేను పట్టకుంటె ఇంకొకలు పట్టుదురు. వాళ్లు తొందరగ ఇడుద్దురా?" అంది. ఆ జవాబుతో నాకు ఈ రోజుకీ పేచీయే. కానీ కొమ్ము తెచ్చింది నేను కాబట్టి గొంతు పెంచలేకపోయాను.

మర్నాడు చిన్నాయన గనిలోకి దిగి క్షేమంగా పైకి వచ్చాడు, ఆ ఖ్యాతి పసుపు కొమ్ముకు పోయింది. మరుసటి ఏడు పోటీలకు గుమాస్తా మళ్లీ "ప్రవేశించుచున్నాడు" మొదలుపెట్టాడు. నల్లా దగ్గర ఆడవాళ్లు ఆశగా దిమ్మె వైపు చూశారు. చిన్నమ్మ దిమ్మె ఎక్కలేదు, బిందె నింపుకుంటోంది. పోశవ్వ కర్రతో తడుముకుంటూ వచ్చి, "నా కొడుకు ఏడున్నడే" అంది.

"ఏం కనబడ్తలేదత్తా. దుమ్ము లేసింది."

పొద్దున వాన పడింది. గ్రౌండులో దుమ్మన్నదే లేదు. పోశవ్వ పోయేదాకా ప్రతి ఏడూ అడిగింది, ప్రతి ఏడూ దుమ్ము లేచింది.

ఇప్పుడు ఆ గ్రౌండు లేదు, ట్యాంకు లేదు, మా మూడో లైను కూడా లేదు, అక్కడంతా నేలను పై నుంచే తవ్వి తీసిన లోయ ఉంది. ఇంటి ముందు పచ్చి బొగ్గు రాజేసేవాళ్లు లేరు. ముప్పై మంది ఒకరి మాట మీద చూపు నిలిపి, తమకు కనపడని ఆటను చూడడం అన్నదే పోయింది. చిన్నమ్మా చిన్నాయనా నస్పూర్‌లో మా వెనక వీధిలోనే ఉంటారు. ఆయన కండ్లు కూడా తల్లి కండ్ల దారే పట్టాయి.

నేను పసుపు పొగకు పారిపోయిన ఆ రోజే మధ్యాహ్నం వాళ్లిద్దరూ మా ఇంటికి వచ్చారు. టీవీలో క్రికెట్ వస్తోంది, ఒక అమ్మాయి మైకు పట్టుకుని ఆట గురించి మాట్లాడుతోంది. మా ఆయన, "గీ పిల్లకేం ఎర్క ఆట? మొఖం చూసి పెట్టిండ్రు. బొమ్మ చాలు, మాట ఎందుకు" అని సౌండు పూర్తిగా తగ్గించాడు. బ్యాటు ఏనాడూ పట్టని మీకు ఎంత ఎర్కనో ఆమెకు అంతకంటే ఎక్కువే ఎర్క అని నేను అందుకోబోతుండగా చిన్నాయన అడ్డం వచ్చాడు.

"గా పిల్ల మంచిగ చెప్తుంది, ఎందుకు తగ్గించినవ్?" అని, ఎవరూ అడగకుండానే అన్నాడు. "ఆనాడు నాకు నవ్వొచ్చింది బిడ్డా."

ఏనాడని అడగవలసిన పని లేదు.

"నా పేరు గట్ల వినబడ్తదని నాకు ఎర్కనే లేకుండె. మస్తు సంబురమైంది, నవ్విన. కూత పెట్టంగ నవ్వుతే తెగదా మరి?"

నలభై ఏళ్లు. భయం కాదు, కోపం కాదు, అపశకునం అసలే కాదు. ముచ్చటపడి నవ్వి అవుటయిన మనిషి, పది అడుగుల దూరంలో ఆమె నాలుక కాలుతుంటే మోకాలి మట్టి గీక్కుంటూ కూర్చున్నాడు. "మరి గడప బయటనే ఉంటివి గద, ఒక్క మాట ఎందుకు చెప్పకపోతివి చిన్నాయనా?" అన్నాను.

"పెండ్లాం పిలిస్తె నవ్వి ఆట పోగొట్టిండంటె, మంది నవ్వరా?"

చిన్నమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు. "పేరు తీసినందుకు నాకు చురక పెట్టిండ్రు," అంది. "నవ్వినందుకు ఏం పెట్టాలె?"

టీవీలో ఆ అమ్మాయి పెదవులు కదులుతూనే ఉన్నాయి. చిన్నమ్మ కొంగుకు అంటిన చిక్కుడు నారలు దులుపుకుని లేచి, మా ఆయన చేతిలోంచి రిమోటు తీసుకుంది. అది ఎట్లా నొక్కాలో ఆమెకు తెలియదు, నాకు అందించింది.

"పెంచు బిడ్డా," అంది. "గా పిల్ల ఏమంటుందో ఇననియ్యి."

నేను పెంచాను, వెనక వీధికి కూడా వినపడేంత.