పడవకు తారే రంగు

పోయిన సోమవారం జమ్మలమడుగు నుంచి ఫోన్ వచ్చింది. మా ఆయన నాయన, నాకు మామ, కన్నుమూశాడు. ముద్దనూరులో బస్సెక్కేదాకా గట్టిగానే ఉన్నాను. బస్సు పెన్న వంతెన ఎక్కాక ఏడుపు ఆగలేదు.

ఆ వంతెన లేని రోజుల్లో, ఏరు వస్తే మా ఊరివాళ్ళు అవతలి ఒడ్డున జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి పోవడానికి ఒక్క పాత కొయ్య పడవే దిక్కు. ఒకప్పుడు కోస్తాలో తెరచాప ఎత్తి తిరిగిందట. మా దగ్గరికి వచ్చేసరికి తెరచాప స్తంభం కూడా మిగల్లేదు. ఏటా ఎండాకాలం మామ దాన్ని ఇసుకలోకి లాగించి, దుంగల మీద నిలబెట్టి, పలకల సందుల్లో గుగ్గిలం, నూనె కలిపిన దూది కూరేవాడు. మొదటి ఏడు బాగా ఎండిన పలకల మధ్య గట్టిగా దట్టించాడట. నీళ్ళలో దిగాక కొయ్య ఉబ్బి పలకలు మేకులతో సహా లేచాయి. అప్పటి నుంచి పడవ మీద తడి గోనెసంచులు కప్పి ఉంచేవాడు. తడపడం కొత్త కోడలినైన నా పని. తాగే నీళ్ళకే కటకటలాడే ఊళ్ళో పడవకు నీళ్ళు పోస్తున్నానని వీధంతా నన్ను తిట్టింది.

"దానికీ దప్పికైతాదమ్మా, పోయ్" అనేవాడు మామ. తిట్లు నాకు, నవ్వు ఆయనకు.

నేను కాపురానికి వచ్చిన ఏడే ఎన్నికలు. ఊళ్ళో రెండు వర్గాలు. అప్పటికే అటొకరు, ఇటొకరు చచ్చిపోయారు. ఒక పొద్దున ఒక వర్గంవాళ్ళు రంగు డబ్బాలతో వచ్చారు. పడవకు తమ పార్టీ రంగు వేయాలట. వేస్తే రెండో వర్గం తగలబెడుతుంది, వేయకపోతే వీళ్ళే తగలబెడతారు. వానలకు నెల కూడా లేదు. పడవ కాలిపోతే కాన్పులకూ పాముకాట్లకూ దారే లేదు.

వాళ్ళు వచ్చేసరికి మామ సందులు చూసేందుకు పడవ నిండా నీళ్ళు పోయించి ఉన్నాడు. లోపలి నీళ్ళు బయటికి ఎక్కడ కారితే అక్కడ సందు ఉన్నట్టు. వచ్చినవాళ్ళలో ముందున్నవాడి చేతిలో సంచి ఉంది. అలాంటి సంచిలో బాంబులుంటాయని మా ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు.

"ఏంది మామా, రంగు ఏస్తావా లేదా?"

"పడవకు తారు తప్ప ఏదీ పూయనప్పా. రంగు మీ గోడలకు ఏసుకోండి" అని మామ అతని చేతికి సుద్దముక్క ఇచ్చాడు. "నాకు కండ్లు ఆనవు. యాడ కారుతాండాదో గీత గియ్యి. నీ పెండ్లాం కాన్పుకు దీంట్లోనే గదా పోవాల? ఒక్క సందు ఇడిస్తివా, మునిగేది ఆయమ్మే. ఆ సంచి దూరంగా పెట్టు ముందు."

అతను సంచి ఇసుకలో పెట్టి, పడవ చుట్టూ తిరిగి గీతలు గీశాడు. మామ ఆ సందులన్నీ పూడ్చి తారు పూశాడు. అయినా నమ్మకం లేక, వానలు పడేదాకా పడవ పక్కనే కాపురం పెట్టాడు. నేను రోజూ అన్నం క్యారియర్ పట్టుకుని వెళుతూ, ఏటి వైపు పొగ లేస్తోందేమోనని చూసేదాన్ని.

పెన్న వచ్చింది. పట్టపగలు రెండో వర్గం మనిషిని ఎవరో పొడిచారు. మంచం మీద మోసుకొచ్చేసరికి పడవలో సంచి మనిషి కూర్చుని ఉన్నాడు. ఆసుపత్రిలో ముందురోజే కాన్పైన పెండ్లాం దగ్గరికి పోతున్నాడు. మోసుకొచ్చినవాళ్ళ చేతులు నడుముల్లోని కత్తుల మీదికి పోయాయి.

"ఇద్దరూ పోతేనే పడవ కదిలేది" అన్నాడు మామ. తర్వాత సంచి మనిషి వైపు తిరిగాడు. "నేను చుక్కాని ఇడిసేకి లేదు. తెడ్డు నువ్వెయ్యి."

మోసుకొచ్చినవాళ్ళు ఒడ్డునే ఆగారు. నేను పడవెక్కి, గాయపడిన మనిషి తల నా ఒళ్ళో పెట్టుకుని, వాన కళ్ళలో పడకుండా తువ్వాలు కప్పాను. మామ మీద నాకు కోపమే వచ్చింది. నడి ఏట్లో సంచి మనిషి తెడ్డు వదిలేస్తే నలుగురం పోతాం. సరిగ్గా అప్పుడే తువ్వాలు కింది నుంచి గొంతు వినిపించింది.

"తెడ్డు ఎవురేస్తాండారు మామా?"

"నేనేప్పా. పడుకో."

మామ నోట నేను అబద్ధం విన్నది ఆ ఒక్కసారే. ఆ మనిషి బతికాడు. మొన్న సమాధి దగ్గరికి ఇద్దరూ వచ్చారు, చెరో పక్క నిలబడి మన్ను వేశారు. నాకు మాత్రం ఆ నడి ఏరే కళ్ళ ముందు ఉంది. మామ చెప్పిన అబద్ధం విని, తెడ్డు వేస్తున్న సంచి మనిషి ఒక్క క్షణం ఆగాడు. తల వంచుకుని, ఇంకా గట్టిగా వేశాడు.