చెమట పట్టని ఐసు ప్యాకులు

ఆమెను ఆ వీధుల్లో అందరూ పెట్టె అత్త అంటారు. ఆరోగ్య కేంద్రం నుంచి టీకా మందుల పెట్టెను బస్తీ చివర ఉన్న చిన్న గదికి చేర్చడం ఆమె పని. మొదట్లో అదే కేంద్రంలో నేల తుడిచేది. పెట్టె మోసే మనిషి మానేశాక, పిరికిదాని చేతిలోనే మందు పదిలంగా ఉంటుందని నర్సమ్మ నవ్వుతూ ఆ పని ఆమెకిచ్చింది. పిరికితనం మాట నిజమే. గాలికి తలుపు కొట్టుకున్నా ఆమె గుండె గుభేలుమనేది. ఆటో దిగాక ఎండలో పెట్టె మీద కొంగు కప్పి, తాను మాడుతూ నడిచేది. నా మీద ఎప్పుడైనా అంత నీడ పట్టావా అని భర్త దెప్పేవాడు.

ఆ వేసవిలో వెనక వీధిలోకి కోరింత దగ్గు వచ్చింది. చంటిపిల్లలు దగ్గి దగ్గి నీలంగా మారిపోతున్నారని, ఒక పాప ఆస్పత్రికి చేరేలోపే పోయిందని విన్నప్పటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు. దర్జీ కోడలికి నెలల బిడ్డ ఉన్నాడు. వాడికి ఒక్క టీకా కూడా పడలేదు. పెద్దపిల్లకు వేయించినప్పుడు జ్వరం కాసిందని, వాళ్ళత్త మళ్ళీ ఆ మాటే ఎత్తనివ్వలేదు. పెట్టె అత్త వదల్లేదు. ఆ ఇంట్లో కుట్టుమిషను పక్కన కూర్చుని, గుండీలు ఏరిపెడుతూ, బతిమాలి బతిమాలి ముసలావిడతో ఊఁ అనిపించింది.

వాళ్ళు వస్తామన్న రోజు పొద్దున్నే ఎండ నిప్పులు చెరుగుతోంది. పెట్టె కోసం బయట ఆగిన ఆటో అతను హారను మీద నుంచి చెయ్యి తీయడం లేదు. మందుకు వేడి తగులుతుందేమోనని బెంగపడి, ఆమె ఫ్రీజర్లోంచి ఐసు ప్యాకులు తీసినవి తీసినట్టే పెట్టెలో పేర్చి, మధ్యలో సీసాలు పెట్టేసింది. నిజానికి ప్యాకుల్ని కాసేపు బల్ల మీద ఉంచాలి. పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ళు కదిలాకే పేర్చాలి. రోజూ చేసే పనే. ఆ రోజు భయమే ఆమెను తొందరపెట్టింది.

బస్తీ గదిలో పెట్టె మూత తీసి చూస్తే ప్యాకు రాయిలా ఉంది. పైన ఒక్క నీటి చుక్క లేదు. కోరింత దగ్గు మందు కాస్త వేడినైనా ఓర్చుకుంటుంది గానీ, గడ్డకడితే ఇక పనికిరాదు. కరిగాక మామూలు మందులాగే కనిపిస్తుంది. సూది పడుతుంది, బిడ్డ ఏడుస్తాడు, గండం గడిచిందని తల్లి అనుకుంటుంది. ఒంట్లో మాత్రం ఏ రక్షణా ఉండదు.

వరసలో ముందు దర్జీ కోడలు, వెనకే ముసలావిడ. నోరు విప్పితే వాళ్ళు వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. విప్పకపోతే ఎవరికీ తెలియదు. నర్సమ్మ అప్పటికే దూదితో బిడ్డ తొడ తుడుస్తోంది.

"ఆగండమ్మా," అంది పెట్టె అత్త. ఎవరికీ వినబడలేదు. ఇంకోసారి అంది. "ప్యాకులు చెమట పట్టకుండానే పెట్టేశాను."

నర్సమ్మ ముఖం మాడిపోయింది. ప్యాకుకు ఆనుకున్న సీసా తీసి చూస్తే మందు గడ్డకట్టి ఉంది. దాన్ని కరగనిచ్చి, మధ్యలో ఉన్న ఇంకో సీసాతో పాటు బాగా ఊపి, రెంటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టింది. చెడిన మందైతే విరిగిన పాలలా అడుక్కి దిగుతుందని, మంచిదైతే తెల్లగా నిలుస్తుందని తల్లులకు చెప్పింది. రెండో సీసాలో తెలుపు నిలవాలని పెట్టె అత్త మనసులోనే మొక్కుకుంది. రెంటిలోనూ ఒకే తీరున దిగిపోయింది.

ముసలావిడ మనవణ్ణి లాక్కుంది. "ఈ పాడైన మందా మా వాడికి పొడిపించబోయావు? ఇంక మా గుమ్మం ఎక్కకు."

మర్నాడు ఆటో హారను ఎంత మోగినా పెట్టె అత్త బల్ల దగ్గర నుంచి కదల్లేదు. ప్యాకుల్లో నీళ్ళు చప్పుడు చేసేదాకా ఆగింది. కొత్త మందు నర్సమ్మకు అప్పగించి, దర్జీ ఇంటికి వెళ్ళింది. కోడలు తలుపు సగమే తీసింది.

"ఇవాళ్టిది బాగుందని ఎవరు చూశారత్తా?"

"నేనే చూశాను."

"నిన్నా నువ్వేగా తెచ్చింది."

"నిన్న చూసుకోలేదు. అందుకే చెప్పేశాను. ఇవాళ చూసినా భయంగానే ఉందమ్మా. కానీ ఆ దగ్గంటే ఇంకా భయం."

పెరట్లో ముసలావిడ గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. కోడలు ఒక్క క్షణం అటు చూసి, బిడ్డను భుజాన వేసుకుని గుమ్మం దిగింది. వీధి మలుపు చేరేసరికి ఆ చప్పుడు ఆగింది. ఇద్దరూ నడక వేగం పెంచారు.

బిడ్డకు సూది పడింది. అయినా పెట్టె అత్త గుండె కుదుటపడలేదు. ఒక్క సూదితో ఆ దగ్గు ఆగదు. నెల తర్వాత రెండోది, ఆ పైన మూడోది. రెండుసార్లూ మళ్ళీ ఆ గుమ్మం ముందే నిలబడాలి.