పచ్చి వేప ముక్క

మా చిన్నప్పుడు... దేవరకొండ అవతల మా ఊళ్లో, వంటింటి గోడకు నాయిన చెక్క అర బిగించాడు. ఎలుకల బాధ పడలేక అమ్మ మూడేళ్లుగా అడిగిన అర.

రాయీ మట్టీ కలిపి కట్టిన గోడకు మేకు నిలవదు. ఉలితో బెజ్జాలు తొలిచి, వాటిలో కట్టె ముక్కలు దిగగొట్టాలి. అరను మోసే కట్టెలను ఆ ముక్కలకే బిగించాలి. అంటే బరువంతా మోసేది గోడలో కనపడని ఆ ముక్కలే...

ఊళ్లో వడ్రంగం చేసే వడ్లాయన నాయినకు ముందే చెప్పాడు. "ఎండిన తుమ్మ ముక్కలు నేనిస్త, వారం ఆగు బావా. పచ్చిది కొడితే ఎండినంక సన్నబడి ఊడొస్తది."

"వారం దాంక మీ చెల్లె నా పానం తింటది" అని నవ్వి, నాయిన పెరట్లో వేప కొమ్మ నరికాడు. ముక్కలు అందించింది నేనే. చేతికి చెమ్మ తగిలింది.

అమ్మ ఆ అర మీద పెట్టినవి ఇప్పటికీ వరుసగా చెప్పగలను. ఉప్పు కుండ, రెండు ఇత్తడి గిన్నెలు, ఆ ఏటి మామిడి తొక్కు జాడీ. అంతే.

ఎండాకాలం పోకముందే ఒక మధ్యాహ్నం అర కూలింది. ఏడాది తొక్కు మట్టిపాలు.

నాయిన గోడ వైపు చూడనే లేదు. "కండ్లు కనపడ్తలేవా? గంత బరువు ఎవలన్న పెడ్తరా?"

వాకిట్లోంచి మేనత్త అందుకుంది. "నీ పెండ్లాం ఊరి సామానంత దానిమీదనే ఎక్కిచ్చింది గదరా!"

అమ్మ జాడీ పెంకులు ఎత్తింది.

రాలిన వేప ముక్కను నేను మళ్లీ బెజ్జంలో పెట్టి చూశాను. సుత్తి దెబ్బలతో ఎక్కించిన ముక్క వదులుగా ఆడింది. నాయిన తల్లి, మా అవ్వకు చూపించాను. అవ్వ అటూ ఇటూ తిప్పి చూసి, పొయ్యిలో వేసింది.

"మీ నాయిన ముంగట అనకు బిడ్డా. ఇంట్ల లొల్లి అయితది."

నేను అనలేదు. ఆ తర్వాత ఇంట్లో ఏ గిన్నె జారినా, అర కూల్చిన చేతులు అని అమ్మనే అన్నారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. నాయిన మీద... అవ్వ మీద... నోరు మూసుకున్న నా మీద.

మొన్న చౌటుప్పల్‌లో మా వంటింటి అర కూలింది. మా ఆయనే డ్రిల్లు మిషను అడిగి తెచ్చి బిగించిన అర. నేలంతా కందిపప్పు. ఆయన ఇంకా గడప దాటకముందే, "ఎంత బరువు పెట్టినవే?" అన్నాడు.

చీపురు పుల్ల బెజ్జంలో పెట్టి లోతు కొలిచాను. పుల్ల ఆయన చేతిలో పెట్టాను.

"బరువు సంగతి తర్వాత. మీరు కొట్టిన బెజ్జం జర చూడుండ్రి. పైపూత దాటిందా?"

ఆయన పుల్లను మళ్లీ బెజ్జంలో పెట్టి చూశాడు. "ఇటుక దాంక పోలే" అన్నాడు మెల్లగా.

మట్టి గోడలు పోయి సిమెంటు గోడలొచ్చాయి. వేప ముక్క పోయి, స్క్రూను పట్టే ప్లాస్టిక్ ముక్క వచ్చింది. గోడ చూడకముందే నోటికొచ్చే ఆ మాట మాత్రం పోలేదు...

మీ ఇంట్లో ఏది కూలినప్పుడు మీ అమ్మ మాట పడిందో రాయండి. తప్పు ఎవరిదో కూడా రాయండి. ముందు నేనే రాస్తున్నాను. ఆ తప్పు మా నాయినది. అమ్మది కాదు.