రబ్బరుకు పోసిన నూనె

మా అక్క మూడు నెలలు గేటు దాటలేదు. మేము అక్కను అప్ప అంటాం. ఇనుము పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చిన ఇళ్లలో ఆ పిలుపు ఇంకా పోలేదు. అప్పకు మోకాళ్లు అరిగిపోయాయి. ఆటో ఎక్కలేదు, నాలుగిళ్ల అవతలికి నడవలేదు. బిర్సానగర్‌లో ఆమె ఇంటి ముందు ఒక పాత కారు ఉంది. తలుపు వెడల్పు, సీటు ఎత్తు. నడుము పెద్దగా వంచకుండా ఎక్కి కూర్చోవచ్చు. మా బావ దాన్ని నలభై ఏళ్లు నడిపాడు. ఈ వయసులో ఆమెకు కాళ్లు ఆ కారే. దాన్నే ఇక ఎక్కనని ఒట్టు పెట్టుకుంది.

అలా ఒట్టు పెట్టుకునేలా చేసింది నేను నడిపిన బండే. బావ పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి కారు సంగతి నేనే చూస్తున్నాను. ప్రతి గురువారం మా ఇంటి నుంచి వచ్చి, అప్పను సాక్చి బజారుకు తీసుకెళ్లి, కూరగాయలు కొనిపించి, నది ఒడ్డున కాసేపు ఆపి, మళ్లీ దింపేవాణ్ని. కొన్నాళ్లకు ముందు చక్రాల దగ్గర కిర్రుమనడం మొదలైంది. ఆ తర్వాత గుంతలో పడ్డప్పుడల్లా లోపలి నుంచి ఎవరో తలుపు కొట్టినట్టు టక్ మనేది. ఒక గురువారం సాక్చి మలుపులో బ్రేకు నొక్కితే బండి ఒక్కసారిగా ఎడమకు లాగేసింది. పక్కనున్న సైకిల్ రిక్షాకు జానెడు దూరంలో ఆగాం. ఎవరికీ ఏమీ కాలేదు. రిక్షా అతను తిట్టాడు. తిట్టాల్సిందే. ఇంటి దగ్గర దిగాక అప్ప బానెట్ మీద చెయ్యి వేసి అంది:

"మీ బావ పోయిన కాడ్నించీ ఇది తలుపు కొట్టినట్టు కొడతంది. నన్ను కూడా రమ్మంతన్నాడో ఏటో. నానింక ఎక్కను."

ఆ మాటకు వీధి చివర ఉండే జ్యోతిష్కుడు ముద్ర వేశాడు. పోయినవాడి వాహనం గుమ్మం ముందు నిలబడకూడదన్నాడు. విశ్వకర్మ పూజ లోపు దాన్ని వదిలించుకోమన్నాడు. అప్ప జుగ్సలాయిలో తుక్కు కొనే ఆయనకు కబురు పెట్టింది. సోమవారం లారీ తెస్తానన్నాడు. అందాకా రక్షణగా ఆమె కారు ముందు బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది.

పదహారేళ్ల వయసు నుంచీ నేను వాదనల్లో పెరిగిన మనిషిని. మా తెలుగువాళ్ల సంఘం పఠన మందిరంలో ఆదివారం చర్చలు జరిగేవి. ఉందన్నవాడే చూపించాలి, లేదన్నవాడి మీద ఆ భారం లేదు అన్నది అక్కడ నేర్చుకున్న మొదటి నియమం. దయ్యాల మీద, ముహూర్తాల మీద, జాతకాల మీద ఎన్ని వ్యాసాలు రాశానో నాకే లెక్క లేదు. అలాంటి నేను సొంత అక్క ఇంట్లో నిమ్మకాయ చూసి ఊరుకుంటానా. ముందు గదిలో నిలబడి ముప్పావుగంట మాట్లాడాను. రబ్బరు అరుగుతుంది, ఇనుము అలుస్తుంది, చచ్చిపోయినవాడి చేతిలో పానా ఉండదు అన్నాను. భయాన్ని బతికించి బువ్వ తినేవాళ్లను ఏకిపారేశాను.

అప్ప మొత్తం విని అంది: "అయ్యిందా? టీ సల్లారిపోతంది."

టీ తాగాక ఒక్క ఆదివారం గడువు అడిగాను. "నీ ఇష్టం. సోమారం మటుకు అతనొత్తాడు" అంది.

ఆ టక్ మనే చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో నాకు ఇంచుమించు తెలుసు. చక్రాన్ని మోసే ఇనుప చెయ్యి ఒకటి బండి చట్రానికి తగిలించి ఉంటుంది. అవి రెండూ కలిసే చోట ఇనుము ఇనుముకు తగలకుండా మధ్యలో ఒక రబ్బరు తొడుగు ఇరికిస్తారు. అదే బుష్. అది పాడైతే ఆ చెయ్యి అటూ ఇటూ ఊగుతుంది. గుంతలో చప్పుడు చేస్తుంది, బ్రేకు నొక్కితే బండిని పక్కకు లాగుతుంది. కష్టమల్లా, ఆ కారు బుష్‌లు ఎవరూ అమ్మకపోవడమే. సాక్చిలో ఐదు దుకాణాలు తిరిగాను. నాలుగింట్లో నవ్వారు. ఐదో దుకాణంలో ఒకాయన జుగ్సలాయిలో కార్లు బాగుచేసే ముసలి మిస్త్రి పేరు చెప్పాడు. ఆ మిస్త్రి తాతల ఊరు బొబ్బిలి దగ్గర. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తాడు. ఆయన తనకు తెలిసిన గోదాములో వెతికి నాలుగు బుష్‌లు తీశాడు. ఒక్కొక్కదాన్నీ గోటితో నొక్కి చూసి, "ఎండిపోలేదు, చలేగా" అన్నాడు, పనికొస్తాయని.

ఆదివారం పొద్దున్నే స్కూటరు మీద గోనెసంచి నిండా పనిముట్లతో వచ్చాడు. అప్ప వరండాలో కుర్చీ వేసుకుని బీన్స్ తుంచుతూ కూర్చుంది. చూడనట్టు కూర్చుంది గానీ, మొత్తం చూస్తూనే ఉంది. మిస్త్రి జాకీ ఎత్తి, చట్రం కింద రెండు పెద్ద చెక్క దిమ్మలు పెట్టి, చక్రాలు ఊడదీశాడు. నలభై ఏళ్ల బోల్టు అంత తేలిగ్గా వదలదు. వేడి చేశాడు, కొట్టాడు, కాసేపు ఆగి బీడీ కాల్చాడు, మళ్లీ కొట్టాడు. ఇనుప చెయ్యి ఊడి వచ్చాక దాన్ని వైసు అనే ఇనుప పట్టులో బిగించి, ఒక పక్క పెద్ద గొట్టం ముక్క, ఇంకో పక్క చిన్నది పెట్టి, వైసు పిడి తిప్పుతూ పోయాడు. పాత బుష్ మెల్లగా బయటికి జారింది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వాసన చూశాడు.

"ఇదేటి సారూ, రబ్బరా హల్వానా?"

నా చేతిలో పెట్టాడు. ఉబ్బి, మెత్తబడి, పట్టుకున్నచోటల్లా నల్లగా అంటుకుంటోంది.

"ఇది అరిగిపోయింది కాదు. దీనికి నూనె ఎవులు పోసీసినారు? నూనె తగిలితే రబ్బరు ఇలగే ఉబ్బి కుళ్లిపోతాది. ఖతం."

నేను వెంటనే వరండా వైపు తిరిగాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది, కానీ జరిగింది అదే. బంపరు మీద నిమ్మకాయ కనబడుతోంది. దోషి దొరికినట్టే అనిపించింది.

"అప్పా, పూజలని దీనికేవైనా నూనె రాసేవా?"

"బొట్టెట్టేను. నిమ్మకాయ కట్టేను. నూనెట్టలేదు" అంది, బీన్స్ నుంచి తల ఎత్తకుండా.

మిస్త్రి రెండో బుష్ తీసే పనిలో పడ్డాడు. నేను గుడ్డ కోసం డిక్కీ తెరిచాను. అక్కడ స్టెప్నీ పక్కన పొడుగు ముక్కు నూనె డబ్బా ఉంది. నాదే.

ఇనుము పని చేసే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ డబ్బా సంగతి చెప్పక్కర్లేదు. విశ్వకర్మ పూజ రోజు పొద్దున్న మా నాన్న ఇంట్లో కదిలే ప్రతి వస్తువునూ తుడిచి నూనె పెట్టేవాడు. తలుపు బందులు, కుట్టు మిషను, సైకిలు గొలుసు, కత్తెర, ఆఖరికి గొడుగు పుల్లలు కూడా. కిర్రుమంటే నూనె. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా అంతే. పెద్దయ్యాక నేను పూజ మానేశాను, గర్వంగా మానేశాను, దాని మీద వ్యాసం కూడా రాశాను. నూనె డబ్బా మాత్రం వదల్లేదు. కారు మొదటిసారి కిర్రుమన్న నాడే కిందికి వంగి బుష్‌ల మీద పోశాను. నాలుగు రోజులు చప్పుడు ఆగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోశాను. ఏడాదిన్నర పాటు, నెలకోసారి. నూనె పోస్తే ఎందుకు ఆగుతుంది, ఎందుకు మళ్లీ వస్తుంది అని ఒక్కసారీ అడగలేదు. మా నాన్న చేశాడు, నేనూ చేశాను. ఇదే పని ఇంకెవరైనా చేస్తే దానికి నేను ఏ పేరు పెట్టేవాణ్నో నాకు బాగా తెలుసు. నిమ్మకాయ బంపరు మీద వేలాడింది, ఎవరికీ హాని చెయ్యలేదు. రిక్షా మీదికి బండిని తోసింది నా నూనె.

డిక్కీ మూసేశాను. ఆ క్షణంలో చెప్పలేదు. చెబితే ముప్పావుగంట ఉపన్యాసం తిరిగి నా మీదే పడుతుందని తెలుసు.

కొత్త బుష్‌లను మిస్త్రి సబ్బు నీళ్లతో తడిపి లోపలికి నొక్కాడు. మధ్యాహ్నానికి ఇనుప చేతులు రెండూ తిరిగి ఎక్కాయి, చక్రాలు ఎక్కాయి. కానీ బోల్టులు వదులుగానే ఉంచి జాకీ దించేశాడు. ఎందుకని అడిగాను.

"గాల్లో ఉన్నప్పుడు బిగించీత్తే, బండి కిందకి దిగాక రబ్బరు మెలి పడిపోతాది సారూ. రోజూ ఎల్లే బరువెంతో అంత బరువు లోపల కూకోవాల. అప్పుడు బిగించాల. ఈ బండిలో ఎవులెవులు ఎల్తారు?"

"నేనూ, అప్పా" అన్నాను.

"అయితే ఇద్దరూ కూకోండి."

వరండాలో బీన్స్ తుంచడం ఆగింది. అప్ప మా వైపు చూసింది. నేను కంగారుగా, ఆమె ఒట్టు పెట్టుకుందని, ఆమె బదులు బియ్యం బస్తా పెడితే సరిపోతుందా అని మిస్త్రిని అడిగాను. సరిపోతుందన్నాడు. బరువే కదా.

"నా బదులు బియ్యం బస్తా ఏట్రా" అంది అప్ప.

ఇక దాచడానికి నాకు మనసొప్పలేదు. వరండా మెట్టు మీద కూర్చున్నాను. "అప్పా, టక్ మన్నది బావ కాదు. నేను. నేనే నూనె పోసి ఆ రబ్బరు పాడుచేశాను. ఆ రోజు రిక్షా మీదికి పోయింది కూడా అందుకే. నిన్ను మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టింది నేనే."

అప్ప చేతిలో ఉన్న బీన్స్ కాయ తుంచి పళ్లెంలో వేసింది.

"నువ్వు పోత్తంటే సూసేను" అంది. "మీ బావ అక్కడ నూనె సుక్క పడనిచ్చీవోడు కాడు. పొడి గుడ్డతో తుడిసీవోడు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు సెప్పనిత్తావా? నోరిప్పితే సాచ్చికం ఏదంతావు. సదూకున్నోడివి, నీకు తెలుసనుకున్నాను."

కారు కింద గోనెసంచి మీద పడుకుని ఉన్న మిస్త్రి నవ్వు వినిపించింది. నలభై ఏళ్లు ఆ బండిని కళ్లారా చూసిన సాక్షి నా ఎదురుగా కూర్చుని ఉంటే, ఒక్క ప్రశ్న అడగకుండా ఉపన్యాసం ఇచ్చాను. పఠన మందిరంలో ఎవరైనా అలా చేస్తే మేము వాణ్ని కూర్చోమనేవాళ్లం.

అప్ప ఒళ్లోని బీన్స్ పళ్లెం పక్కన పెట్టింది. నా భుజం పట్టుకుని లేచింది. మెట్లు రెండూ దిగడానికి చాలాసేపు పట్టింది. కారు దగ్గర ఆగి, ముందు సీటు తలుపు తీయమంది. కూర్చుంది. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. కింద పానా తిరుగుతున్న చప్పుడు, మిస్త్రి ఊపిరి. "కదలకండి" అన్నాడు ఒకసారి. అప్ప నిజంగానే ఊపిరి బిగబట్టింది. నాలుగు బోల్టులూ బిగిశాయి.

"హో గయా. ఒక చక్కరు కొట్టి రండి."

నేను అప్ప వైపు చూశాను. దిగుతానంటే తలుపు తీద్దామని.

"సాక్చి పోనీ" అంది.

బిర్సానగర్ రోడ్డు గుంతలన్నీ దాటాం. ఒక్క చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం వింటుంటే, మూడు నెలలుగా బిగుసుకుని ఉన్న నా భుజాలు దిగాయి. అప్ప చేతులు ఒళ్లో వదులుగా ఉన్నాయి. ఆదివారం కావడంతో సాక్చి మలుపులో రద్దీ తక్కువ.

"ఆ రోజు నొక్కిన కాడే నొక్కు. ఎలాగుంటాదో సూత్తాను."

వెనక అద్దంలో చూసి నొక్కాను. బండి తిన్నగా, గీత గీసినట్టు ఆగింది. నేను ఊపిరి వదిలాను. గెలిచినట్టు కాదు, గండం గడిచినట్టు అనిపించింది. అప్ప మాత్రం ఇంకా రోడ్డునే చూస్తోంది.

"ఇంకోపాలి తిప్పి తే" అంది. "ఒక్కసారికేటి తెలుత్తాది."

నేను బండి తిప్పాను.