స్వరూప గిటారు, యోహాను గారి మైకుసెట్టు

కరోనా సడలి దుకాణాలు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను మచిలీపట్నం నుంచి అవనిగడ్డకు బదిలీ చేశారు. సంగీత వాయిద్యాలు అమ్మే మా సంస్థ అక్కడ కొత్తగా శాఖ పెట్టింది. నా హోదా సీనియర్ టెక్నీషియన్; అమ్మే ముందు ప్రతి వాయిద్యాన్నీ పరీక్షించి, శ్రుతి చేసి ఇవ్వడం నా పని. నాకు డిప్లొమా లేదు. ఆంప్లిఫయర్ల సంగతంతా బందరు గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నదే. ఆ మాట ఇప్పటికీ గర్వంగా చెబుతాను.

ఒక శనివారం స్వరూప అనే నర్సు వచ్చింది. వెంట ఆమె మేనమామ యోహాను గారు. ఆయన పడవ ఇంజన్ల మెకానిక్కు, వాళ్ల ఊరి చర్చిలో పెద్ద. చర్చి మైకుసెట్టు బాధ్యత కూడా ఆయనదే. స్వరూపకు హెవీ మెటల్, అంటే హోరెత్తే రాక్ సంగీతం, వాయించాలని ఎన్నేళ్ల నుంచో కోరిక. ఇంట్లో మాత్రం యోహాను గారు ఊ అంటేనే గిటారు గడప దాటుతుంది. ఆయన షరతు ఒక్కటే: ఆదివారం చర్చిలోనూ అది పనికి రావాలి.

స్వరూప చెయ్యి ముందుగా కొసలు తేలిన ఎర్ర గిటారు మీద పడింది. దాని బ్రిడ్జి, అంటే తీగలు బిగించే లోహపు దిమ్మ, ఊగే రకం. ఒక తీగ సడలితే మిగతావన్నీ శ్రుతి తప్పుతాయి. కొత్తవాళ్లకు పొద్దంతా మరలు తిప్పడమే సరిపోతుంది. కదలని బ్రిడ్జి ఉన్న నల్ల గిటారు తీశాను. మెడ తిన్నగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూశాను. తీగల కింద ధ్వనిని పట్టే పికప్ జంట రాగితీగ చుట్టలది. హంబకర్ అంటారు. ఒంటి చుట్టదైతే మెటల్‌కు కావలసినంత గెయిన్, అంటే సంకేతం బలం, పెంచగానే కరెంటు రొద కూడా వినపడుతుంది.

"నలుపే దొరికిందా అమ్మా? క్రిస్మస్‌కి ఇది తగిలించుకుని నిలబడతావా?" అన్నారు యోహాను గారు.

"నీ కోటు మాత్రం ఏ రంగు మావయ్యా?"

ఆయన నవ్వేశారు. అసలు పేచీ ఆంప్లిఫయరు దగ్గర వచ్చింది. "అది దండగండీ. మన మైకుసెట్టుంది కదా!" అన్నారు. దివిసీమలో నేను చూసిన చర్చిలన్నిటా అదే అలవాటు; గిటారు వైరు తిన్నగా మైకుసెట్టుకే పెడతారు. కీర్తనలకు అది చాలు. మెటల్‌లో కావాలనే ధ్వనిని గరగరమనేలా చీలుస్తారు. గిటారు ఆంప్లిఫయరులోని స్పీకరు ఆ చీలికలోని కీచును తగ్గిస్తుంది. మైకుసెట్టు హారను ఆ కీచునే ముందుకు తోస్తుంది.

వాదించడం కన్నా వినిపించడం మేలనుకుని, ధ్వనిని చీల్చే పెడల్ మధ్యలో పెట్టి, మా షాపులోని హారనుకు కలిపాను. స్వరూప ఒక్క మీటు మీటింది. ఎదుటి టైలరు కత్తెర పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఇదేంటండీ, డబ్బాలో కందిరీగలు పడ్డట్టు!" అన్నారు యోహాను గారు.

అప్పుడు ఇంట్లో సాధనకు పనికొచ్చే చిన్న ఆంప్లిఫయరుకు మార్చాను. ఆయన దగ్గరికొచ్చి పెట్టె మీద అరచెయ్యి ఆనించారు. "ఇది నయం. డీజిలింజను లోడు మీద నడిచినట్టుంది. ఏదీ, ఇంకోసారి కొట్టమ్మా."

చర్చిలో ఆ పెడల్ ఆపేసి, ఆంప్లిఫయరు ముందు మైకు పెడితే చాలని చెప్పాను. ఇంట్లో మోత లేకుండా హెడ్‌ఫోను సాకెట్టు ఉందన్నాను. ఆయన ఊ అన్నారు.

కొన్నాళ్లకు ఆయన ఒక్కరే మళ్లీ వచ్చారు. మోత ఎక్కువైందా అని అడిగాను.

"మోతే లేదండీ, అదే గొడవ! చెవులకి ఆ హెడ్‌ఫోను తగిలించుకుని జుట్టు విరబోసుకుని తల ఊపుతా ఉంటది. బయటికి టిక్కు టిక్కుమనడం తప్ప ఏం వినపడదు. పిల్లకేమయిందోనని మా అక్క ప్రార్థన పెట్టిస్తానంటోంది. గిటారు తిరిగిచ్చేసి రమ్మంది."

సాయంత్రం కాసేపు హెడ్‌ఫోను తీసి వాయించమనండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అది వింటే అక్క నన్ను కూడా వెళ్లగొడుతుంది. ఒకే సాకెట్టుకి రెండు హెడ్‌ఫోన్లు పెట్టే వైరుంటదా?"

ఉందన్నాను. రెండోది అక్కగారికా అని అడిగాను.

"నాకండీ. పక్కన నేను కూడా కూర్చుని తల ఊపితే, పాటేలే అనుకుంటది."

గిటారు తిరిగి రాలేదు. హెడ్‌ఫోను సాకెట్టు ఉంటే ఇంటి ఇబ్బంది తీరుతుందని నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పాయి. పక్కనుండి చూసేవాళ్ల సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ తరవాత రిటైరయ్యే దాకా, ఎన్ని వాట్లు కావాలని అడిగే ముందు ఇంట్లో ఇంకెవరుంటారని అడిగేవాణ్ని. బిల్లు రాసేటప్పుడు రెండు హెడ్‌ఫోన్ల వైరు కూడా చూపించేవాణ్ని.