తాతగారి మార్కర్

మొన్న మా తమ్ముడి మనుమరాలు టెన్నిస్‌లో ప్రొఫెషనల్ అయిందని కాజీపేటలో వాళ్ళింట్లో మిఠాయిలు పంచారు. నా చేతిలో ఒక బాదుషా పెట్టి, "పెద్ద తాతా, ఇగ నేను గూడ ప్రొఫెషనల్‌నే" అని ఆ పిల్ల నవ్వితే నేనూ నవ్వి తిన్నాను. ఆ మాట మొదటిసారి మా ఇంట్లో వినబడిన రోజున ఎవరూ భోజనానికి లేవలేదన్న సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. నా వయసువాళ్ళకైతే ఎందుకో వివరించనక్కర లేదు.

మాది ములుగు వైపు కోటలాంటి గడీ ఉన్న దొరల కుటుంబం. నాకు ఊహ తెలిసేనాటికే పొలాలు చాలామటుకు పోయాయి, మీసాలు వచ్చేనాటికి గడీ కూడా పోయి, హనుమకొండలో ఒక అద్దె ఇల్లూ దాని గోడల నిండా తాతగారి ఫోటోలూ మిగిలాయి. ఏది పోయినా ఒకటి మాత్రం పోలేదని మేము తల ఎత్తుకునే తిరిగాము. హనుమకొండలో క్లబ్బుకు స్థలమిచ్చి మట్టి కోర్టు వేయించింది తాతగారే. బతికినన్నాళ్ళూ ఆ కోర్టులో ఆయన ఎవరి చేతిలోనూ ఓడలేదు. చిన్నప్పుడు సాయంత్రాలు ఆయన వెంట వెళ్ళి, సున్నపు గీతలకు కాస్త ఎడంగా కూర్చుని ఆ ఆట చూసేవాణ్ణి. ఆయనకు ఎదురుగా ఎప్పుడూ క్లబ్బు మార్కరే ఉండేవాడు. మార్కరంటే సభ్యులతో ఆడడానికి క్లబ్బు జీతమిచ్చి పెట్టుకున్న ఆటగాడు. సన్నగా, నల్లగా ఉండే ఆ మనిషి కోర్టంతా పరుగెత్తి పరుగెత్తి, చివరికి కొద్దిలో ఓడిపోయి, తాతగారికి వంగి సలాం చేసేవాడు. నేను వెంటనే ఇంటికి ఉరికి, తాత గెలిచారని అమ్మకు చెప్పేవాణ్ణి.

తాతగారు పోయారు, కొన్నేళ్ళకు ఆ మార్కరూ పోయాడు. చదువు మధ్యలో ఆగిపోయిన నాకు చేతనైన విద్య టెన్నిస్ ఒక్కటే కనుక అదే క్లబ్బులో మార్కర్‌గా చేరాను. ప్రొఫెషనల్‌నయ్యానని ఇంట్లో చెబితే, ఆటకు జీతం తీసుకునేవాడు ఆటగాడు కాదు, నౌకరు అని మా నాన్న, బాపు, ఒక్క మాట అని గది తలుపు వేసుకున్నారు. వరండాలోని పేము కుర్చీలలో మార్కర్ కూర్చోకూడదన్నది ఆనాటి రివాజు. ఎవరైనా నాకు ఆ మాట చెబితే వినవలసి వస్తుందని, వాళ్ళు చెప్పకముందే సాయంత్రమంతా నిటారుగా నిలబడి ఉండేవాణ్ణి.

అప్పుడు క్లబ్బు అధ్యక్షుడు ఒక రైసు మిల్లు సావుకారు. ఆయన తండ్రి ఒకప్పుడు మా గడీలో పనిచేసినవాడు కావడంతో, జీతమిచ్చే మనిషి అయి ఉండీ ఆయన నన్ను దొరా అనే పిలిచేవాడు. "దొరా, జర మెల్లగ కొట్టుండ్రి, నడుము పట్టింది" అంటే మిగతా సభ్యులకు నవ్వు ఆగేది కాదు.

"ఏంది సావుకారీ, దొరతోని బంతులు ఏరిపిస్తున్నవ్?" అని ఒకరోజు ఒక వకీలు ఎగతాళి చేశాడు.

"నేను ఏరిపిస్తలే, ఆయినే ఏరుతాండ్రు. నడుము వంచకుంట ఎట్ల ఏరుతాండ్రో అది చూడు" అన్నాడు సావుకారు.

ఆ రోజుల్లోనే హైదరాబాదులో, మద్రాసులో ప్రొఫెషనల్ ఆటగాళ్ళకు బహుమతి సొమ్ము ఇచ్చే చిన్నచిన్న పోటీలు మొదలయ్యాయి. వాటిలో ఆడితేనే నేను ఆటగాణ్ణవుతాను, లేకుంటే ఆ వరండా పక్కనే ముసలివాణ్ణవుతాను. ఉద్యోగం పోకుండా వెళ్ళాలంటే అధ్యక్షుడు సెలవివ్వాలి. ఏటా అతిథుల ముందు అధ్యక్షుడు మార్కర్‌తో ఒక ఆట ఆడడం, అందులో అధ్యక్షుడు గెలవడం ఆ క్లబ్బు ఆనవాయితీ. "బిడ్డా, జర ఓడిపో, సెలవు దొర్కుతది" అని వకీలు నా చెవిలో వేశాడు. తాతగారు ఓడని కోర్టులో నేను ఓడడమా అనుకున్నాను.

ఆ ఏటి ఆటలో మొదటి సెట్ అవలీలగా గెలిచాను. వైపులు మారేటప్పుడు సావుకారు రొప్పుతూ, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, "మీ తాత సుత గిట్లనే నిలవడుతుండె దొరా. గాని ఆయిన గెలుపంత ఆ మార్కర్ చేతిల ఉండె. ఊరందరికి ఎరికే గద" అన్నాడు. నన్ను నొప్పించాలని కాదు. నాకూ తెలుసనే అనుకున్నాడు.

అంతవరకు వందలసార్లు తలచుకున్న ఆ సాయంత్రాలు ఒక్కసారిగా తిరగబడి కనిపించాయి. సరిగ్గా చివర్లోనే నెట్‌కు తగిలే బంతి, గెలవబోతుండగా జారే కాలు, ఆ సలాం. ఆ తర్వాత నేనూ ఓడదామనే చూశాను. సెలవు కోసమా, ఆ మార్కర్‌ను తలచుకునా అంటే ఇప్పటికీ చెప్పలేను. కాని ఓడడం నాకు చేతకాలేదు. నా బంతులు గీత దాటి ఎక్కడో పడుతుంటే అతిథులు నవ్వారు. సావుకారు ఆట ఆపి నెట్ దగ్గరికి వచ్చాడు.

"ఇడిసిపెడుతున్నరా దొరా? నాకు సిగ్గయితాంది. మార్కర్ ఓడితె ఎదుటోనికి తెల్వద్దు. గా పని మీతోని గాదు. గెలిచి పోండ్రి."

గెలిచాను. ఆయన చేయి కలిపి, అందరి ముందే నాకు సెలవిచ్చి, "హైదరాబాదుల మంచిగ ఆడుండ్రి. ఈడికి మాత్రం ఇంకోన్ని సూసుకుంట" అన్నాడు. అలా ఉద్యోగం పోయింది, అయినా తప్పుపట్టడానికి నాకేమీ కనిపించలేదు.

ఆ తర్వాతి కొన్నేళ్ళు రైలు పెట్టెల్లో, సత్రాల్లో, ఊరికొక రకం మట్టి మీద గడిచాయి. తరచుగా మొదటి రౌండులోనే ఓడేవాణ్ణి, ఎప్పుడో ఒకప్పుడు గెలిచేవాణ్ణి. ఏది జరిగితే అదే ఇంటికి రాసేవాణ్ణి. సావుకారు చెప్పిన మాట మాత్రం రాయలేదు, బాపుకు చివరిదాకా చెప్పలేదు. తాతగారికి ఆ సంగతి తెలుసో లేదో చెప్పగలవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

ఇప్పుడు ఆట నేర్పేవారు కుర్చీలో కూర్చుంటారు, పిల్లలు వాళ్ళను సార్ అంటారు. మార్కరన్న మాటే వాడుకలోంచి పోయింది, అది పోవలసిన మాటే. అయితే ఆ మాటతోపాటు ఆ మనిషి కూడా ఎవరికీ గుర్తులేకుండా పోయాడు. ఆయనకూ ఇంట్లో పిల్లలుండి ఉంటారు, సాయంత్రం ఎవరు గెలిచారని అడిగి ఉంటారు. నా చిన్నతనమంతా ఆయన ఆడుతుంటే చూస్తూనే కూర్చున్నాను, కాని ఆయన అసలు ఆట ఎలా ఉండేదో నేను ఒక్కనాడూ చూడలేదు.